గ్రీజు బయటికి కనపడరాదు

మా పక్కింటి సుందరమ్మ గారికి పాలు పోసే ఆవిడ చెప్పిందట, ఆ పాలావిడకి రేవులో ఎవరో చెప్పారట: మన రైతు సంఘం ట్రాక్టరుకి పక్షవాతం వచ్చిందనీ, ముందు కాళ్లు రెండూ పడిపోయాయనీ, జిల్లా నుంచి స్పెషలిస్టులు దిగి దాని కడుపు కింద ఫొటోలు తీసుకెళ్లారనీ, ఇక అది మనిషిలో పడడం కష్టమనీ. సుందరమ్మ గారు ఈ సంగతంతా పిట్టగోడ మీదుగా మా ఆవిడకి చెప్పి, "మీ ఆయన ఆ సంఘానికి సెక్రటరీ కదమ్మా, రోజూ దాని దగ్గర తిరుగుతాడు, అంటుకునేది కాదు గదా?" అని జాలిపడిందట.

సుందరమ్మ గారి మాటల్లో సాధారణంగా అబద్ధం పాలు ఎక్కువ. ఈసారి మాత్రం ఆవిడ నిజానికి చాలా దగ్గరగా వచ్చి ఆగిపోయింది.

మాది ఉప్పుగాలి తగిలే ఊరు. కొబ్బరితోటల మధ్య పరిచిన తువ్వాళ్లలా ఉంటాయి మా మళ్లు. పెద్ద ట్రాక్టరు తోటల మధ్య దారిలో పట్టదు. పట్టినా మడిలో తిరిగే చోటు ఉండదు. అందుకని యాంత్రిక సేద్య శాఖ వారు మా సంఘానికి ఒక మినీ ట్రాక్టరు ఇచ్చారు. తొమ్మిదేళ్లుగా దాన్ని అబ్బులు నడుపుతున్నాడు. నేను బీకాం చదివిన పాపానికి సెక్రటరీనయ్యాను.

ఈ బండి ముందు ఇరుసు మధ్యలో ఒకే ఒక్క పిన్ను మీద వేలాడుతుంది. ఒక చక్రం గట్టెక్కినా, రెండోది గుంటలో దిగినా, ఇరుసు త్రాసు కాడలా అటూ ఇటూ ఊగి సర్దుకుంటుంది, బండి పక్కకి ఒరగదు. ఆ పిన్ను హాయిగా ఊగాలంటే గ్రీజు కావాలి. బురదలో దిగే రోజుల్లో పొద్దున్నే పెట్టాలి. అబ్బులు చేసేదల్లా ఇంతే: బండి ముందు గొంతుకు కూచుని, పిన్ను దగ్గర గోరంత ఉండే నిప్పిల్‌ని గుడ్డతో తుడిచి, దానికి గ్రీజు గన్ను మూతి తగిలించి, అయిదారు పోట్లు కొడతాడు. బురద కలిసిన పాత నల్ల గ్రీజు పిన్ను చుట్టూ బయటికి వస్తుంది. దాని వెనకాలే కొత్త గ్రీజు తొంగిచూస్తుంది. అప్పుడు ఆపేస్తాడు. బీడీ ముట్టించినవాడు రెండో దమ్ము పీల్చేలోపు అయిపోయే పని.

ఇంతలో ఎక్కడో రాజధానిలో యంత్రాల ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక మినీ ట్రాక్టరు ముందు శాఖాధిపతి గారు ఒంగి, "ఇదేమిటి?" అని అడిగారు. లేచేటప్పటికి ఆయన తెల్ల చొక్కా మీద రూపాయి బిళ్లంత గ్రీజు ఉంది. అలా ఆ గ్రీజు మొదట చొక్కాకి వచ్చి, అక్కణ్ణించి శాఖ దృష్టికి వచ్చింది.

పదిహేను రోజుల్లో ఉత్తర్వు దిగింది. "క్షేత్రస్థాయి యంత్రముల ముందు ఇరుసు కీలకముల యందు కందెన బహిర్గతమగుట శాఖ తీవ్రముగా పరిగణించుచున్నది. ఇకపై కందెన విధిగా లోనికి పోవలెను. ఏ పరిస్థితులలోను బయటికి కనపడరాదు." దీని అమలుకి 'స్నిగ్ధ' అనే యాప్ చేయించారు. గ్రీజు పెట్టకముందు ఒక ఫొటో, పెట్టాక ఒక ఫొటో. రెండూ చూసి యాప్ ఒప్పుకుంటేనే సంఘం గోడకి బిగించిన ఇనుప పెట్టె తెరుచుకుంటుంది. ట్రాక్టరు తాళంచెవి ఆ పెట్టెలో.

సోమవారం పొద్దున్న మా పిల్లకాలవ బోదెకి నీళ్లు వదిలారు. ఈ ఏడు కాలవలో నీళ్లు తక్కువని వంతులు పెట్టారు. మా వంతు ఏడు రోజులు. వచ్చే సోమవారం తెల్లారేసరికి తూము దించేస్తారు, నీళ్లు కింది ఊళ్లకి పోతాయి. ఈలోపు మడిని నీళ్లలో కలియదున్ని బురద దమ్ము చేసుకున్నవాడికి ఊడుపు, చేసుకోనివాడికి బీడు. జాబితాలో మొదటి పేరు గనిశెట్టి మంగతాయారుది. ఎకరం ముప్పావు కౌలుకి చేస్తోంది. మూడు తోటలు దాటి, చిట్టచివర ఉంటుంది ఆవిడ చేను. నారు అప్పటికే ముప్పై రోజులది. ఇంకో వారం ముదిరితే నాటినా పిలకలెయ్యదు, గడ్డికే పనికొస్తుంది.

అబ్బులు ఎప్పటిలాగే గ్రీజు పెట్టాడు. నేను రెండు ఫొటోలూ తీశాను. యాప్ ఎర్రగా మారింది. "కందెన బహిర్గతమైనది. నిర్లక్ష్యము నమోదైనది."

అబ్బులు బయటికొచ్చిన గ్రీజంతా కిరసనాయిలు గుడ్డతో అద్దంలా తుడిచాడు. మళ్లీ ఫొటో తీశాను. "రెండు చిత్రముల మధ్య భేదము లేదు. పని జరిగినట్లు ఆధారము లేదు."

గన్ను తగిలించి ఉండగానే తీశాను. "నిప్పిల్ కనపడుట లేదు. అడ్డు తొలగించండి."

అబ్బులు గన్ను నేల మీద పెట్టి నావంక చూశాడు.

"సెకట్రీ గారూ, కనపడితే తప్పంటది, కనపడకపోతే పెట్టలేదంటది. మరది ఎక్కడుండాలంటారండీ?"

"లోపల."

"లోపలే ఉందండి. తొమ్మిదేళ్ల నుంచీ లోపలే ఉంది. ఆ ఫోన్ని కూడా లోపలికెల్లి చూసి రమ్మనండి."

మంగతాయారు చేతిలో పారతో వచ్చింది. నీళ్లు కట్టుకుని వచ్చినట్టుంది, మోకాళ్ల దాకా బురద.

"ఏవయ్యా తమ్ముడూ, బండి బయల్దేరిందా?"

"ఇంకా ఫొటో దిగుతోందక్కా."

"పెళ్లిచూపులేటి దానికి?" అని బండి చుట్టూ తిరిగి చూసి, "బానే ఉంది గదా, ఎవరికి నచ్చలేదంట?" అంది.

మంగళవారం సాయంత్రానికి నూట పద్దెనిమిది ఫొటోలు తీశాం. ఎండలో తీశాం, గొడుగు నీడలో తీశాం. అబ్బులు భార్య బండికి బొట్టు పెట్టాక కూడా తీశాం. యాప్ మొదట నిర్లక్ష్యమంది, తర్వాత పదేపదే నిర్లక్ష్యమంది, చివరికి మా ఊరిని 'కందెన సున్నిత ప్రాంతం'గా ప్రకటించింది.

దాంతో బుధవారం రెండు జీపులు వచ్చాయి. ముందు జీపులోంచి మార్కండేయులు గారు దిగారు. జిల్లా కందెన సమన్వయాధికారి. మొన్నమొన్నటి దాకా పట్టుపురుగుల విభాగంలో ఉన్నారట. చాలా మర్యాదస్తులు. బండికి మూడడుగుల దూరంలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, చొక్కా తగలకుండా ఒంగి చూశారు.

"ఇదేనా కీలకం?"

"అది రేడియేటరు జాలీ అండి. కిందకి... ఇంకా కిందకి. ఆయ్, అదండి," అన్నాడు అబ్బులు.

"ఎంత పరిమాణంలో కందెన వేస్తున్నారు?"

"బయటికొచ్చేదాకా ఏత్తానండి."

మార్కండేయులు గారు నిటారుగా లేచారు. వెంట ఉన్నవాళ్లు రాసుకోవడం ఆపారు.

"అంటే, లోపలికి వెళ్లిందనడానికి బయటికి రావడం రుజువా?"

"మరంతే గదండి. బిందె నిండిందని ఎలా తెలుత్తాది? పొర్లితేనే గదా."

"ఇది శాఖా విధానానికి మౌలికంగా విరుద్ధమైన తర్కం," అన్నారాయన, కోపం లేకుండా, విచారంగా. "ఈ యంత్రం తొమ్మిదేళ్లుగా ఈ దృక్పథంలో నడుస్తోందన్నమాట. ముందు పూర్వ కందెన అవశేషాలను నిర్మూలించాలి. శుద్ధమైన స్థితి నుంచి మొదలుపెడదాం."

ఆ శుద్ధి మూడు గంటలు జరిగింది. కార్లు కడిగే పంపు తెప్పించి, పిన్ను సందుల్లోకి కిరసనాయిలూ, దాని వెనక నీళ్లూ ఈటెల్లా కొట్టించారు. తొమ్మిదేళ్ల గ్రీజు కాలవలు కట్టి పోయింది. అబ్బులు అరుగు మీద కూచుని, తన ఒంటి మీద చొక్కా ఎవరో విప్పేస్తున్నట్టు ముడుచుకుపోయాడు.

"సెకట్రీ గారూ, చెప్పండి. పిన్ను వట్టి ఇనుమైపోతంది. ఈ గాలికి రెండ్రోజుల్లో తుప్పు పట్టి పట్టేత్తాది."

నేను చెప్పాను. మార్కండేయులు గారు శ్రద్ధగా విని, "తుప్పు మా పరిధిలోకి రాదండి. దానికి వేరే విభాగం ఉంది," అన్నారు. పోతూ పోతూ గ్రీజు గన్నుని తెల్లగుడ్డలో చుట్టించి, లక్కముద్ర వేయించి, సాక్ష్యం కింద పట్టుకెళ్లారు.

గురువారం మా బడి హాల్లో కందెన అవగాహన సదస్సు. తెర మీద అరవై నాలుగు బొమ్మలు చూపించారు. మనిషి చరిత్రలో చక్రం దగ్గర మొదలుపెట్టి, మధ్యాహ్న భోజనం వేళకి ఇరుసు దాకా వచ్చారు. బల్ల మీద థర్మోకోల్‌తో చేసిన ముందు ఇరుసు నమూనా ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, మాసిపోతుంది.

భోజనాల దగ్గర మంగతాయారు వచ్చింది. గుప్పెడు నారు మొక్కలు పీకి తెచ్చి అధికారి ముందు పట్టుకుంది.

"చూడండి బాబూ, కణుపులు తేలిపోతన్నాయి. మడిలో నీళ్లు నాలుగు రోజుల నుంచి కాసుక్కూచున్నాయి. గంటన్నర పని, బండి ఇచ్చెయ్యండి."

మార్కండేయులు గారు లేచి నిలబడి, రెండు చేతులా ఆ మొక్కల్ని అందుకున్నారు.

"చాలా సంతోషం తల్లీ. పూలగుత్తులు నిషేధించి హరిత స్వాగతం పలకమని మేమే రాశాం. ఇంత త్వరగా గ్రామాలు అందిపుచ్చుకుంటాయనుకోలేదు. ఫొటో, ఫొటో!"

ఫొటో తీశారు. మంగతాయారు ఆ ఫొటోలో నోరు తెరిచి ఉంది. ఆవిడ అప్పుడు అంటున్న మాటని ఇక్కడ రాయను.

మధ్యాహ్నం పరీక్ష. "కందెన ఎంత వేయవలెను? (అ) నిర్దేశిత పరిమాణము (ఆ) తగినంత (ఇ) అధికారి సూచించినంత (ఈ) పైవన్నియు." అబ్బులు నాలుగూ వదిలేసి, కింద సొంతంగా (ఉ) అని పెట్టి, "బయటికి వచ్చేదాకా" అని రాశాడు. సున్నా వచ్చింది. జీవితంలో గ్రీజు గన్ను పట్టుకోని నాకు నూటికి తొంభై ఆరు వచ్చాయి. నాకు 'కందెన ప్రవీణ' పత్రం ఇచ్చారు. అబ్బులుకి నోటీసు ఇచ్చారు. అతడు కందెన నిరక్షరాస్యుడు గనక ముందు ఇరుసుకి పదడుగుల లోపు రాకూడదు.

"మరి బండెవరు తోల్తారండీ?" అన్నాడు అబ్బులు.

టేపు తెచ్చి కొలిచారు. సీటు నుంచి ఇరుసుకి అయిదున్నర అడుగులే ఉంది. మినీ ట్రాక్టరు కదా. గంట సేపు చర్చించి, 'కూర్చున్న భంగిమలో మాత్రమే మినహాయింపు' అని సవరణ ఇచ్చారు. కాబట్టి అబ్బులు బండి వెనక నుంచి ఎక్కాలి, వెనక నుంచే దిగాలి, ముందువైపు చూడవచ్చు.

శుక్రవారం ఉదయం మార్కండేయులు గారు మెరుస్తున్న కళ్లతో వచ్చారు. రాత్రంతా ఆలోచించారట.

"లోపలికి వెళ్తే గదా బయటికి వచ్చేది!" అన్నారు. "లోపలికి వెళ్లకపోతే?"

ఆయన నా వైపు తిరిగారు.

"సెక్రటరీ గారూ, సమస్య అంతా కందెన వేసే చోటుకీ, తనిఖీ చేసే చోటుకీ తేడా లేకపోవడంలో ఉంది. వాటిని విడదీద్దాం."

పది గంటలకల్లా బానెట్టు ముందు, నడుమెత్తున, ఒంగక్కర్లేకుండా చూడగలిగేచోట, ఒక స్టీలు రేకు బిగించారు. రేకు మీద తళతళలాడే కొత్త నిప్పిల్. దాని వెనక చిల్లు లేదు. దాని పేరు ప్రదర్శన నిప్పిల్. గ్రీజు పెట్టకముందు దానికి ఎర్రటోపీ తొడగాలి. పెట్టాక ఆకుపచ్చ టోపీ. పెట్టడమంటే, ప్రవీణ పత్రం ఉన్నవాడు శాఖ వారు తెచ్చిన ఖాళీ గన్నుని దాని ముందు ఆరుసార్లు ఆడించడం. నేను ఆడించాను. ఫొటోలు తీశారు. నిప్పిల్ శుభ్రంగా ఉంది, రెండు ఫొటోల మధ్యా భేదం ఉంది, గ్రీజు ఎక్కడా కనపడలేదు.

యాప్ మొట్టమొదటిసారి పచ్చబడింది. "స్థితి: సంతృప్తికరము." గోడకున్న పెట్టె టక్కున తెరుచుకుంది. మంగతాయారు చెంగుతో మొహం తుడుచుకుని, తాళంచెవి చటుక్కున తీసి అబ్బులు చేతిలో పెట్టింది.

"ఎక్కరా మరిదీ, ఎక్కు."

"వదినా, అసలు పిన్నుకి..."

"ఆగండాగండి!" అన్నారు మార్కండేయులు గారు. "రాష్ట్రంలో నూటికి నూరు శాతం సాధించిన మొదటి యంత్రం అమ్మా ఇది. దీన్ని ఇప్పుడే బురదలో దింపడం ఏమిటి? ఆదివారం శాఖాధిపతి గారు స్వయంగా వచ్చి, మీ చేలోనే దింపుతారు. అప్పటిదాకా బండికి మట్టి అంటకూడదు."

"ఆదివారవా? సోమారం తెల్లారితే నీళ్లు పోతాయండి!"

"ఆదివారం సోమవారానికి ముందే గదమ్మా వచ్చేది," అన్నారాయన, అనునయంగా.

ఆయన ఏర్పాట్ల పనిలో తిరుగుతుంటే అబ్బులు పదడుగుల దూరం కొలుచుకుని నిలబడి చెప్పాడు.

"అయ్యా, ముందు పిన్ను ఎండిపోయి ఉందండి. చేత్తో తోసి చూశాను, ఇరుసు ఊగట్లేదు. ఒక్క డబ్బా గ్రీజు, ఒక్క గన్ను ఇప్పించండి, అర నిమిషం పని."

"మళ్లీ అదే ధోరణి," అన్నారు మార్కండేయులు గారు. "స్థితి సంతృప్తికరమని వచ్చాక మళ్లీ కందెన వేస్తే ఏమవుతుంది? ఉన్న సంతృప్తి పోతుంది. అయినా, తోసి చూడ్డానికి దగ్గరికెలా వెళ్లారు?"

అబ్బులుకి రెండో నోటీసు వచ్చింది.

శనివారం బండికి మామిడాకులూ, బంతిపూలూ కట్టారు. అదే రోజు రెండో ఉత్తర్వు వెలువడింది. మా ఊరి నమూనా అద్భుతంగా ఉన్నందున రాష్ట్రంలోని సమస్త వ్యవసాయ యంత్రాలకూ ప్రదర్శన నిప్పిల్ తప్పనిసరి. ఇరుసు ఉన్నా లేకపోయినా. పక్క ఊళ్లో పంపుసెట్లకీ, మందు కొట్టే డబ్బాలకీ, తూర్పారబట్టే ఫ్యానుకీ రేకులు బిగించి టోపీలు తొడిగారని తెలిసింది. కొడవళ్ల సంగతి పరిశీలనలో ఉందట.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మంగతాయారు చేను గట్టు మీద షామియానా లేచింది. నడిచేందుకు దారి పొడుగునా తాటాకు చాపలు పరిచారు. ఎనిమిది మంది వచ్చారు: శాఖాధిపతి గారు, మార్కండేయులు గారు, ఇద్దరు సహాయకులు, యాప్ చేసిన ఇద్దరు, ఫొటోల ఆయన, మైకు పట్టుకునే ఆయన. శాఖాధిపతి గారు కొత్త తెల్ల చొక్కా వేసుకుని ప్రదర్శన నిప్పిల్‌ని నడుం వంచకుండా చూశారు. వేలితో తడిమి, వేలు పైకెత్తి అందరికీ చూపించారు. మరక లేదు. చప్పట్లు.

"ఏ యంత్రానికైతే బయట మాలిన్యం లేదో, దాని అంతరంగం కూడా నిర్మలం," అన్నారు మైకులో. "మిత్రులారా, ఈ రోజు ఇరుసు మారింది, దృష్టి మారింది."

ఈ ప్రసంగం గంటా పది నిమిషాలు సాగింది. మంగతాయారు ప్రసంగం వినడం లేదు. మడిలో నీటి మట్టం చూస్తోంది. తూముకి దూరపు చేలు కదా, వంతు ఆఖరి రోజున నీళ్లు అప్పుడే సన్నబడుతున్నాయి.

ఆకుపచ్చ జెండా ఊపారు. అబ్బులు వెనక నుంచి బండెక్కాడు. ఎక్కేముందు నా దగ్గరికొచ్చి, "మీరంతా దింపమన్నారు గాబట్టి దింపుతున్నానండి. మీ పత్రంలో ఎన్ని మార్కులొచ్చాయన్నారు?" అన్నాడు.

"తొంభై ఆరు."

"ఆయ్," అని గేరేశాడు.

గట్టు దాటేటప్పుడు ఎడమ చక్రం పైకి లేచింది. మామూలుగా అయితే ఇరుసు వాలి, కుడి చక్రం మడిలో మెత్తగా దిగేది. ఇరుసు వాలలేదు. బండి మొత్తం కర్రబొమ్మలా పక్కకి లేచింది. లోపల నుంచి ఒక అరుపు వినపడింది, పందిని పట్టుకున్నప్పుడు అరుస్తుందే, అలాంటిది. అది తుప్పు పట్టిన పిన్ను గొంతు. అబ్బులు క్లచ్చు తొక్కేలోపే ఫటక్‌మంది. ముందు చక్రాలు రెండూ చెరోవైపు తిరిగి పడుకున్నాయి. బానెట్టు ముందుకి ఒంగి, ప్రదర్శన నిప్పిల్ ఆకుపచ్చ టోపీతో సహా బురదలో దిగబడింది.

అబ్బులు వెనక నుంచి దిగాడు. నిబంధన ప్రకారమే.

శాఖాధిపతి గారు మొదట తన చొక్కా చూసుకున్నారు. ఏమీ అంటలేదు. మార్కండేయులు గారు ఫోను చూశారు.

"స్థితి ఇప్పటికీ సంతృప్తికరంగానే ఉంది సార్," అన్నారు.

"ఎంతసేపట్లో పునరుద్ధరిస్తారు?" అని శాఖాధిపతి గారు అబ్బులుని అడిగారు.

"పిన్ను ఇరిగిపోయిందండి, అది కూచునే బ్రాకెట్టు కూడా చీలింది. టౌను నుంచి రావాలి. ఇవాళ ఆదివారం, కొట్లుండవు. రేపు తెచ్చినా బిగించేసరికి ఎల్లుండి."

ఎల్లుండి అనే మాట విని మంగతాయారు గట్టు దిగింది. నేరుగా మడిలోకి నడిచి, బండి పక్కన నిలబడింది. నీళ్లు మడమల మీదికి కూడా రాలేదు. ఆవిడ వెనక నారుమడిలో నారు గాలికి గరగరలాడుతోంది, మెత్తటి నారు అలా చప్పుడు చెయ్యదు.

ఇలాంటి సమయంలో లబ్ధిదారు అభిప్రాయం తీసుకోవడం మంచిదని ఎవరో గొణిగారు. మైకాయన తీగ లాక్కుంటూ గట్టు అంచు దాకా వచ్చి, చెయ్యి బారచాపి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. మార్కండేయులు గారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, యంత్రపరంగా స్వల్ప అంతరాయం ఏర్పడింది. శాఖ మీ పక్షాన ఉంది. ఈ పరిస్థితిలో మా నుంచి ఎటువంటి సహకారాన్ని ఆశిస్తున్నారో, మొహమాటపడకుండా చెప్పండి."

మంగతాయారు మైకు వంక చూడలేదు. గట్టు మీద వరసగా నిలబడ్డ వాళ్లని ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది.

"నీళ్లు తెల్లారేదాకే ఉంటాయి. కాళ్లతో తొక్కినా దమ్మవుద్ది. ఎనమండుగురున్నారు. బూట్లిప్పి దిగండి."